గుత్తి నుంచి పత్తికొండ దాకా ఇద్దరం, ఒక బైకు, పది గుర్తులు. తొమ్మిదే దొరికాయి!

ఉగ్గాని_బజ్జీ · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇప్పుడే ఇల్లు చేరాను. ఒళ్లంతా ఎర్రదుమ్ము, మెడ వెనక చర్మం కమిలిపోయింది, అయినా నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇక్కడ కూర్చున్నా.

నేనూ మా వాడూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఊరికొచ్చినప్పుడల్లా తినడం, సినిమా, నిద్ర. ఈసారి విసుగు పుట్టి ఒక ఆట పెట్టుకున్నాం. నేను ఐదు గుర్తులు చీటీ మీద రాసి వాడికివ్వాలి, వాడు ఐదు రాసి నాకివ్వాలి. గుత్తిలో బయలుదేరి, పత్తికొండ చేరేలోపల, పొద్దు గూకకముందే అన్నీ కనుక్కోవాలి. ఫోన్లో వెతకకూడదు, మనుషుల్ని అడగాలి. దేన్నీ కదపకూడదు, ఏదీ జేబులో వేసుకోకూడదు. ఫోటోలో మా ఎర్ర హెల్మెట్ కనబడితేనే లెక్క. ఓడినవాడు ఏడాది పొడుగునా, కలిసినప్పుడల్లా, ఉగ్గాని బజ్జీ పెట్టించాలి.

నేను వాడికి రాసినవి: ఎర్రగుడి అశోకుడి శాసనంలో 'క' అక్షరం, ఒక ఊరి బురుజు, ఒక బొడ్రాయి, మెట్ల బావి, పీర్ల చావిడి. ఇవన్నీ సులువే అని ఇప్పుడు అర్థమైంది. వాడు నాకు రాసినవి: గుత్తి కోట మీద మురారిరావు (గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు) గద్దె, వీరగల్లు (పోరులో చచ్చిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), చెరువు తూము, 'బావి గట్టున నిలబడిన రెండు రాళ్లు' (అంతే రాశాడు, అదేంటో వాడికీ తెలీదు, చిన్నప్పుడు రైల్లోంచి చూశాడంట), చివరిది 'మన్రోలప్ప'. మన్రోలప్ప అనే పేరున్న మనిషి! రాయి కాదు, గుడి కాదు, మనిషి.

కోట తెల్లారకముందే ఎక్కేశాం. ఆ గద్దె కొండ అంచున ఉంటుంది. సున్నం ఎంత నున్నగా మెరుగు పెట్టారో, కూర్చుంటే జారిపోతామేమో అనిపిస్తుంది. కింద గుత్తి ఊరు అగ్గిపెట్టెల్లా కనిపిస్తుంది. హైదరాలీ ముట్టడి వేసినప్పుడు ఇంత కోట కూడా నీళ్లు అయిపోయి లొంగిందని అంటారు. మా సీసాలో నీళ్లు పైకి వెళ్లేసరికే అయిపోయాయి కాబట్టి మురారిరావు బాధ మాకు బాగానే అర్థమైంది.

ఎర్రగుడిలో మా వాడు అరగంట కష్టపడ్డాడు. బ్రాహ్మీలో 'క' అంటే కూడిక గుర్తు, అడ్డగీత నిలువుగీత, అంతే. బండ నిండా పగుళ్లు, నాచు మరకలు. ప్రతి పగులూ వాడికి 'క' లాగే కనిపించింది. చివరికి ఒకచోట వంగి, ముక్కు బండకు ఆనేంత దగ్గర పెట్టి, 'రేయ్, ఇది పగులు కాదురా, ఉలి దెబ్బ' అన్నాడు. రెండు గీతలూ సమానం, చివరలు గుండ్రంగా అరిగాయి. వేలు పెట్టబోయి ఆట నియమం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై రెండు వందల ఏళ్ల కిందటి చేతిపని మీద వాడి చెమట చుక్క పడింది, అది మాత్రం ఆపలేకపోయాం.

అసలు కష్టం వీరగల్లు దగ్గర వచ్చింది. మూడు ఊళ్లలో అడిగా. 'వీరగల్లా? ఆ పేరుతో మా ఊర్లో ఎవురూ లేరప్పా' అన్నాడొకాయన. ఇంకో ఊర్లో నన్ను వైన్ షాపు వైపు పంపారు, ఎందుకో నాకిప్పటికీ తెలీదు. నాలుగో ఊర్లో గొర్రెలు కాసే అవ్వను అడిగేటప్పుడు పేరు వదిలేసి, 'గుర్రం మీద మనిషి, చేతిలో కత్తి, అట్లాంటి రాయి ఏమన్నా ఉందా అవ్వా' అన్నా. 'ఓ, ఈరన్న సామా! అట్ల చెప్పకూడదా నాయనా, పొద్దున్నించి ఈరగల్లో ఎర్రగల్లో అంటాండావు' అని చింతమాను కిందికి తీసుకుపోయింది. పసుపు పొరలు పొరలుగా పట్టి గుర్రం కాళ్లు కనబడకుండా పోయాయి. చెవి ఒకటి, కత్తి మొన ఒకటి బయట. పైన మూలల్లో సూర్యుడూ చంద్రుడూ.

ఊర్లో ఉన్నదాన్ని ఊరి మాటతో అడగాలి, చీటీ మీద మాటతో కాదు. ఇది తెలిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

తూము దొరికింది, రెండు రాళ్లూ దొరికాయి (ఫోటో పెడుతున్నా, అదేంటో చెప్పండి: బావి అంచున ఎనిమిదడుగుల రాతి స్తంభాలు రెండు, పైన రంధ్రాలు, పక్కన నేల ఏటవాలుగా దిగుతుంది). మన్రోలప్ప దొరకలేదు. మా వాడు 5, నేను 4. బజ్జీలు నావే.

గుంతకల్_ప్యాసింజర్ · ఆదివారం, రాత్రి 9:58

ఊర్లలో 'ట్రెజర్ హంట్ ఆడుతున్నాం' అని చెప్పారా ఏంది కొంపదీసి? చెప్పుంటే మీరు ఈ పాటికి స్టేషన్లో ఉండేవాళ్లు. మన దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం, గుప్తనిధులు 😂

ఉగ్గాని_బజ్జీ · ఆదివారం, రాత్రి 10:10

నవ్వకన్నా. చెప్పాడు మా వాడు! పీర్ల చావిడి ఉన్న ఊర్లో (పేరు రాయను, మంచి ఊరే) ఒకాయన బీడీ ముట్టిస్తూ 'యాడ్నుంచి వచ్చినారు, ఏం జేస్తాండారు' అన్నాడు. వీడు బెంగళూరు ఉత్సాహంతో 'ట్రెజర్ హంట్ అంకుల్' అన్నాడు. ఆయన బీడీ ఆర్పేశాడు. పది నిమిషాల్లో పదిహేను మంది. సంచి విప్పమన్నారు. అందులో ఏముంది? టార్చి, చీటీలు, నిమ్మకాయలు రెండు (షర్బత్ కోసం తెచ్చుకున్నాం!). టార్చి, నిమ్మకాయలు, చేతిలో గుర్తులు రాసిన చీటీ. ఇంక ఎవరు నమ్ముతారు చెప్పండి.

మమ్మల్ని కాపాడింది వాడి చీటీలో నా చేతిరాతే. 'పీర్ల చావిడి' పక్కన 'లోపలికి పోవద్దు, చెప్పులు విప్పి బయట్నుంచే చూడు, పెద్దోళ్లను అడుగు' అని రాసి ఉంది. ఒక ముసలాయన అది గట్టిగా చదివించుకుని విని, 'దొంగోడు ఇట్ల రాసుకోడులే' అన్నాడు. తర్వాత టీ ఇచ్చారు. నిమ్మకాయలు మాత్రం తిరిగివ్వలేదు.

ఎండదెబ్బ · ఆదివారం, రాత్రి 10:31

పెట్రోలు పోసుకుని పోయి రాళ్లు చూసి రావడం. అది కూడా తొలకరి పడ్డాక, జొన్నగిరి దారిలో. వజ్రం దొరికిందేమో చెప్పు, ఈ కథలన్నీ ఎందుకు?

ఉగ్గాని_బజ్జీ · ఆదివారం, రాత్రి 10:36

ఈ ప్రశ్న ఈరోజు పదకొండు మంది అడిగారు, నువ్వు పన్నెండు. తొలి వానకి జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు కదా, మేమూ ఆ బాపతే అనుకున్నారు. ఒకామె అయితే 'మా చేనులో దిగినారంటే కాళ్లు ఇరగ్గొడతా' అంది. న్యాయమే, విత్తనం వేసుకునే చేను.

రిటైర్డ్_అయివారు · సోమవారం, ఉదయం 5:50

నాయనా, పొద్దున్నే చదివి సంతోషపడ్డాను. రెండు సంగతులు.

ఎర్రగుడి గురించి. అక్కడ బండల మీద పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి, చిన్న శాసనాలూ ఉన్నాయి. రెండు రకాలూ ఒకేచోట ఉండటం అరుదు. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా వాటి సంగతి లోకానికి తెలీదు. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. చిన్న శాసనంలో ఇంకో విచిత్రం ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. మడక దున్నినట్టు! ఈసారి మీవాడికి ఆ వెనక్కి తిరిగే పంక్తి కనుక్కోమని చీటీ రాయి, అప్పుడు చూద్దాం ఐదుకి ఐదు ఎట్లా వస్తాయో.

ఇక నీ రెండు రాళ్లు. అది కపిల బావి. నీ వయసువాళ్లకు తెలీకపోవడం తప్పు కాదు. ఆ రంధ్రాల్లో అడ్డంగా కొయ్య దూర్చి, దానికి గిలక కట్టేవాళ్లు. మోకు గిలక మీదుగా పోయి బానకు తగులుతుంది. బాన కింద తోలుతో కుట్టిన తొండం. పక్కన ఏటవాలు అన్నావే, ఎద్దులు దిగేది దాని మీదనే. ఎద్దులు కిందికి దిగితే బాన పైకి వస్తుంది, తొండం కాలవలో నీళ్లు కక్కుతుంది. మళ్లీ ఎద్దులు వెనక్కి, వెనక్కే నడవాలి, తిరిగి కాదు. ఆ వెనకనడక నేర్పడానికి మా నాయనకు ఒక్కో ఎద్దుతో నెలలు పట్టేది. దిగేటప్పుడు బరువు చాలక మా నాయన మోకు మీద కూర్చునేవాడు. నేను ఆయన ఒళ్లో. కరెంటు మోటారు వచ్చాక మా కపిల ఆగింది. మోకు కొన్నాళ్లు ఊయలకు పనికొచ్చింది.

స్తంభాల లోపలి వైపు చూశావా? కొయ్య తిరిగి తిరిగి రాయి అరిగి ఉంటుంది.

ఉగ్గాని_బజ్జీ · సోమవారం, ఉదయం 7:15

అయివారూ, ఇప్పుడే ఫోటో పెద్దది చేసి చూశా. రంధ్రం కింది అంచు గిన్నెలాగా నున్నగా పల్లం పడి ఉంది. నిన్న అక్కడే పావుగంట నిలబడి కూడా చూడలేదు. హెల్మెట్ ఫ్రేములో పడిందా లేదా అనే ధ్యాసలోనే ఉండిపోయా.

నల్లరేగడి · సోమవారం, ఉదయం 11:20

కథ బాగుంది, కానీ ఒక మాట కటువుగా చెప్తాను, ఏమనుకోవద్దు. ఈరన్న సామి ఫోటోలో మీ హెల్మెట్ గద్దె మీద ఉంది. మీకది వీరగల్లు, ఆ అవ్వకు అది దేవుడు. మీ ఇంట్లో పూజగదిలో ఎవరైనా హెల్మెట్ పెట్టి ఫోటో తీసుకుంటే?

ఇంకోటి. రాయి పక్కన నేల తడిగా ఉంది. నీళ్లు పోశారా?

ఉగ్గాని_బజ్జీ · సోమవారం, మధ్యాహ్నం 12:05

నీళ్లు మేం పోయలేదు అక్కా, అవ్వే కడిగింది మాకు చూపించడానికి. హెల్మెట్ మాత్రం నాదే తప్పు. అవ్వ ఏమీ అనలేదు కానీ, మేం బైకు ఎక్కేటప్పుడు కొంగుతో ఆ చోటు తుడిచింది. అప్పుడే తెలిసింది. ఇకనుంచి హెల్మెట్ కింద నేల మీద, లేదా చేతిలో.

నల్లరేగడి · సోమవారం, మధ్యాహ్నం 12:40

సంతోషం. వెళ్లేవాళ్లందరికీ చెప్తున్నా: అక్షరాలు కనబడటంలేదని సుద్దముక్కతో, పిండితో రుద్దకండి. గీతలు చెడిపోతాయి. పైగా మనం చదివినట్టు మనం గీసేస్తాం, తర్వాత వచ్చినవాడు మన తప్పునే చదువుతాడు. పొద్దు వాలేటప్పుడు వెళ్లండి, లేదా టార్చి పక్క నుంచి, బండకు దాదాపు ఆనించి వెయ్యండి. నీడ పడి అక్షరం దానంతటదే లేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఏ శాసనమూ మాట్లాడదు.

వీరగల్లు చదవాలంటే కింది నుంచి పైకి చూడాలి. కింద గడిలో పోరు, మధ్యలో వీరుడిని అప్సరసలు తీసుకుపోవడం, పైగడిలో కైలాసం, శివలింగం. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ పేరు ఉంటుందని పైన ఆ రెండు గుర్తులు. మన సీమలో చాలా రాళ్లు పసుల కోసం, ఊరి కోసం చచ్చిపోయినవాళ్లవి. పేరు పోయింది, పసుపు మిగిలింది.

గుప్తనిధుల మాట వచ్చింది కాబట్టి, 1878 నాటి చట్టం ఒకటుంది. భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. నిమ్మకాయలు ఆ లెక్కలోకి రావులెండి.

చెరువు_మరువ · సోమవారం, సాయంత్రం 6:30

తూము ఫోటో చూసి ఆగలేకపోయా. మాది అనంతపురం పక్కనే. మీ ఆట మా వైపు ఆడితే మొదటి గుర్తు బుక్కరాయసముద్రం చెరువుకట్ట. బుక్కరాయల కాలం చెరువు. చెరువు తెగబోతే ఊరిని కాపాడటానికి ముసలమ్మ ఆ గండిలో తనను తాను బలి ఇచ్చుకుందని కథ. పేరు ముసలమ్మ గానీ మనిషి చిన్నది, ఇంటి కోడలు. కట్ట మీద ఆమెకు గుడి ఉంది. చిన్నప్పుడు మా అమ్మ కట్ట మీద పోతుంటే బస్సులోంచే దండం పెట్టుకునేది, కండక్టరు కూడా పెట్టుకునేవాడు.

వానలు బాగా పడి చెరువు నిండి మరువ (అలుగు) పారిన రోజు రండి. చెరువు చూడటం అంటే అదీ.

సగిలేరు_గట్టు · సోమవారం, రాత్రి 8:15

చెరువుల మాట వస్తే కడప వాళ్లం ఊరుకుంటామా! పోరుమామిళ్ల చెరువు శాసనం ఎంతమంది చూశారు? 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు, భవదూరుడు అని కూడా అంటారు. దానశాసనాలు ఊరూరా ఉంటాయి, ఇది వేరు. చెరువు ఎలా కట్టాలో చెప్పే పాఠం రాళ్ల మీద చెక్కించారు. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని లెక్క. రోజుకు వెయ్యిమంది కూలీలు, కట్ట రాతిపనికి వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా అందులోనే ఉంది. కూలీల లెక్క రాతిమీద రాసిపెట్టిన రాజును నేను ఇంకెక్కడా చూడలేదు.

మా పాప ఏడో తరగతి. ఆ పన్నెండులో ఒక్కొక్కటీ మా ఊరి చెరువు దగ్గర ఉందా లేదా అని టిక్కు పెట్టించా. ధర్మాత్ముడైన రాజు ఉండాలి అనేది మొదటిది. పాప చాలాసేపు ఆలోచించి 'సర్పంచ్ ఓకేనా నాన్నా' అంది.

ఇంకో గుర్తు: ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల. రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం, క్రీ.శ. 575. తెలుగులో దొరికిన మొదటి శాసనంగా చెప్పేది దాన్నే. మీరు ఎర్రగుడిలో 'క' వెతికారు, మేం తెలుగు వెతుకుతాం.

ఎండదెబ్బ · సోమవారం, రాత్రి 8:50

సరే, ఆ సర్పంచ్ మాటకు నవ్వొచ్చింది. మా ఊర్లో కూడా చింతమాను కింద గుర్రమున్న రాయి ఒకటుంది. మేం దాని మీద కూర్చుని పేకాడతాం. ఇప్పుడు ఏం చేయాలి?

నల్లరేగడి · సోమవారం, రాత్రి 8:52

లేవండి.

గుంతకల్_ప్యాసింజర్ · సోమవారం, రాత్రి 9:05

ఇది సరే, మన్రోలప్ప ఎవరు? ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

రిటైర్డ్_అయివారు · మంగళవారం, ఉదయం 5:40

థామస్ మన్రో. 1800లో నిజాం మన జిల్లాల్ని కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) ఇచ్చాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. దత్తమండలాలు అనేవాళ్లు అప్పట్లో. గుర్రమెక్కి ఊరూరా తిరిగి, రైతుతోనే నేరుగా శిస్తు లెక్క తేల్చే రైత్వారీ పద్ధతి పెట్టాడు. శిస్తు తక్కువేమీ కాదు, ఆ సంగతీ చెప్పుకోవాలి. కానీ మధ్యలో పాలెగాడి పీడ తగ్గిందని జనం మురిసిపోయారు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలైలో మళ్లీ ఈ ప్రాంతం చూడటానికి వచ్చి, కలరా తగిలి పత్తికొండలోనే పోయాడు. మొదట గుత్తిలో పూడ్చి, కొన్నేళ్లకు మద్రాసు తీసుకుపోయారు.

కాబట్టి మీవాడు ఆ చీటీ ఊరికే రాయలేదు. మీరు పొద్దున ఎక్కిన కోట కింద మొదటి సమాధి, సాయంత్రం చేరిన పత్తికొండలో చావు. మీ దారంతా ఆయన దారే.

ఉగ్గాని_బజ్జీ · మంగళవారం, ఉదయం 8:20

మా వాడికి ఇది పంపిస్తే 'అవును, అందుకే రాశా' అన్నాడు. అబద్ధం. వాడు ఏదో క్విజ్‌లో ఆ పేరు విన్నాడు, అంతే.

హంద్రీ_వాగు · మంగళవారం, రాత్రి 10:15

కొత్త సభ్యుణ్ణి, ఈ చర్చ కోసమే చేరాను. మాది పత్తికొండ వైపు పల్లె. మా అమ్మకు మేనమామ ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటాయి. ఊర్లో అందరూ 'మండ్లప్ప' అంటారు. నేనూ మండ్లప్ప తాత అనే అనుకున్నా. పోయిన ఏడాది పింఛను కాగితాలు నింపేటప్పుడు ఆధార్ చూస్తే మన్రోలప్ప అని ఉంది. మీరు మా ఊరి మీదుగానే పోయుంటారు. మన్రోలప్ప ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు మరి.

ఆదివారం వస్తానంటే తాతకు చెప్తా.

ఉగ్గాని_బజ్జీ · మంగళవారం, రాత్రి 10:16

వస్తాం వస్తాం వస్తాం. మా వాడికి ఫోన్ చేస్తున్నా. ఆట అయిపోయిందంటాడు, నేను ఒప్పుకోను.

ఉగ్గాని_బజ్జీ · ఆదివారం, సాయంత్రం 7:30

పోయొచ్చాం.

మా వాడు బెంగళూరు నుంచి రాత్రి బస్సులో దిగి నేరుగా వచ్చాడు. గడువు దాటిందని దారంతా గొణుగుతూనే ఉన్నాడు. తాత అరుగు మీద బుడ్డలు ఒలుచుకుంటున్నాడు. (మా ఇంట్లో చెనక్కాయలంటాం, అక్కడ బుడ్డలు. మళ్లీ ఊరి మాట.) మేం ఎందుకొచ్చామో హంద్రీ_వాగు అన్న చెప్తే తాత కాసేపు ఒలవడం ఆపి మమ్మల్ని పైకీ కిందికీ చూశాడు.

'నా పేరు చూసేకి వచ్చినారా? గుత్తి నుంచి?'

అవునన్నాం. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే, వాళ్ల జేజినాయన పేరంట. జేజినాయనకు ఎవరు పెట్టారో తెలీదు. మన్రో అనే దొర గురించి అయివారు రాసిందంతా మా వాడు చెప్పాడు. తాత శ్రద్ధగా విన్నాడు. చివర్లో 'శిస్తు మాఫీ చేసినాడా?' అని అడిగాడు. చేయలేదు, సరిగ్గా లెక్క కట్టాడంతే అన్నాం. 'అంతేనా' అని మళ్లీ బుడ్డలు ఒలవడం మొదలుపెట్టాడు.

సాక్ష్యం ఫోటోకి హెల్మెట్ నేల మీదే పెట్టాను, నల్లరేగడి అక్క ఇది గమనించాలి. తాతకు అది నచ్చలేదు. ఒంగి తీసుకుని, తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, హెల్మెట్ తనే తగిలించుకున్నాడు. అద్దం కిందికి దించాడు. 'ఇప్పుడు కొట్టు' అన్నాడు. ఫోటోలో మొహం కనబడటంలేదు కాబట్టి లెక్కలోకి రాదని మా వాడి వాదన. హెల్మెట్ కనబడాలన్నదే నియమం, మొహం గురించి చీటీలో ఏమీ లేదు. మీరే తీర్పు చెప్పండి.

ఎండదెబ్బ · ఆదివారం, సాయంత్రం 7:41

5-5. బజ్జీలు చెరిసగం. నేనూ వస్తా.